బుట్టతో సహా తూచిన రోజు

ఈమధ్య మా మేనకోడలు తన ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అత్తా, మా టీములన్నిటి లెక్కలూ బ్రహ్మాండంగా ఉన్నాయి, కంపెనీ మాత్రం నష్టాల్లో ఉందంట, విచిత్రం కదూ" అంది. నాకు నవ్వాగలేదు. ఇందులో విచిత్రమేముందే, ఏడు నెలలు ఇదే తంతు నేను నా చేత్తో పుస్తకంలో రాశాను, అది కూడా ఎర్ర సిరాతో, అన్నాను. ఆ పిల్లకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ బెజవాడ చుట్టుపక్కలే ఉన్నారు, పెళ్లిళ్లలో ఎదురుపడతారు, నాకెందుకొచ్చిన తంటా.

నేను పామర్రులో ఒక రైసుమిల్లులో పదిహేనేళ్లు లెక్కలు రాశాను. మిల్లు మూతపడ్డాక బెజవాడ వచ్చాను. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఇంటర్నెట్‌లో పచ్చళ్లమ్మే కొట్టు పెట్టారు, అకౌంట్సుకి మనిషి కావాలన్నారు. మా అన్నయ్య అయితే "పచ్చడి కంప్యూటర్లోంచి కారుద్దా ఏంటి" అని నెల రోజులు ఏడిపించాడు. ఏడిపిస్తే ఏడిపించాడులే అని చేరిపోయాను. జీతం మిల్లు కంటే ఎక్కువ, పైగా ఫ్యాను కింద కూర్చునే పని.

కొట్టు పద్ధతి ఇదీ. బెంగళూరులోనో పూణేలోనో ఉండే మన తెలుగువాళ్లు కంప్యూటర్లో ఆవకాయో గోంగూరో రొయ్యల పచ్చడో చూసి డబ్బు కడతారు. మేం అరకిలో సీసా కట్టి కొరియరులో పంపుతాం. కొరియరు ఖర్చు మాదే. "డెలివరీ ఉచితం" అని సైటు నెత్తిన పెద్ద అక్షరాలతో ఉండేది. 

మా ఓనరు గారిది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. వ్యవసాయం కుటుంబం. మెత్తటి మనిషి, ఎవరినీ "నువ్వు" అని ఎరగరు, టీ తెచ్చే మనిషిని కూడా "ఏవండీ" అనేవారు. ఆర్డర్లు చూసే అతను ఎంసీఏ చదివిన కుర్రాడు, ఇరవయ్యారేళ్లుంటాయి, అతన్ని మేనేజరు గారూ అంటే పొంగిపోయేవాడు కాబట్టి నేనూ అలాగే అనేదాన్ని. ప్యాకింగు చూసే ఆయన బస్టాండు పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన్ని అందరం మాస్టారూ అనేవాళ్లం. ఇక పటమటలో అద్దెకి తీసుకున్న పెంకుటింట్లో వంటశాల. అక్కడ పద్దెనిమిదిమంది ఆడవాళ్లు, వాళ్లందరి మీదా పెద్దక్క.

పెద్దక్కది బందరు అవతల సముద్రపు ఒడ్డు. చేపల వ్యాపారం చేసిన కుటుంబం. రొయ్యల పచ్చడి ఆవిడ కలిపితే సీసా మూత తియ్యకుండానే వాసన చెప్పేది. యాభై దాటినా పనిలో కుర్రదే. కానీ సోమవారం మీటింగుకి ఆవిణ్ని ఎవరూ పిలిచేవారు కాదు. వంటావిడకి మీటింగేంటని మా అందరి ఉద్దేశం. నా ఉద్దేశం కూడా అదే, ఎందుకు దాచడం.

ఆ సోమవారం మీటింగు ఉండేది చూడండి, పండగే. ఓనరు గారు పకోడీలు తెప్పించేవారు. మేనేజరు లేచి "పోయిన వారం కంటే ఆర్డర్లు పెరిగాయండీ, ఉచితంగా ఇచ్చే కందిపొడి ప్యాకెట్టు బాగా పట్టిందండీ" అనేవాడు. మాస్టారు లేచి "ఒక్క సీసా పగల్లేదండీ" అని కూర్చునేవారు. వంటశాల తరఫున కూడా మేనేజరే "తూకం తక్కువైందని ఒక్క ఫిర్యాదు లేదండీ" అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆఖర్న నేను లేచి బ్యాంకులో ఎంతుందో చెప్పేదాన్ని. పకోడీలు చల్లారిపోయేవి.

"అందరి లెక్కా బాగుంది, మీదొక్కటే బాగోలేదు. ఒకసారి మళ్లీ కూడి చూడండి మేడమ్ గారూ" అనేవారు ఓనరు గారు, నొప్పించకుండా. 

నేను మళ్లీ కూడేదాన్ని. మూడుసార్లు కూడినా అదే వచ్చేది. పదిహేనేళ్ల సర్వీసున్న దాన్ని పట్టుకుని కూడిక రాదంటారా అని లోపల ఒకటే మంట. ఆ మంటలో అసలు చూడాల్సింది చూడలేదు. రైసుమిల్లులో లారీ కిరాయి కొనుక్కునేవాడిది. మాకు రవాణా అంటే టీ ఖర్చు, కాగితాల ఖర్చు పక్కన రాసే చిల్లర పద్దు. ఇక్కడా అలవాటు కొద్దీ కొరియరు బిల్లు నెలకోసారి మొత్తంగా ఒకే వరసలో అదే చోట రాసి పడేసేదాన్ని. ఆర్డర్లు పెరుగుతున్నాయి, కొరియరు పెరుగుతోంది, సహజమే కదా అనుకున్నాను. అంత తెలివి నాది.

ఏడో నెలలో ఒకరోజు ఓనరు గారు మిగతావాళ్లని ఏదో పని మీద కిందకి పంపి, నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మేడమ్ గారూ, అరెకరం మాగాణి అమ్మి పెట్టానండీ ఈ కొట్టు. రెండో అరెకరం అమ్మమంటే మా నాన్నగారు ఒప్పుకోరు, నాకూ అడిగే మొహం లేదు. దసరా దాకా చూస్తాను" అన్నారు. తర్వాత నా చేత ఒక ఉత్తరం టైపు చేయించారు. పటమట ఇంటి యజమానికి. వంటశాల ఖాళీ చేస్తున్నామని. కింద సంతకం పెట్టి, పైన తేదీ దగ్గర ఖాళీ వదిలేసి, "మీ సొరుగులో ఉంచండి, ఎవరికీ చెప్పకండి" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ సొరుగు తియ్యాలంటే నాకు భయం. పద్దెనిమిదిమంది అందులో ఉన్నట్టే ఉండేది. ఒకామె కూతురికి కాలేజీ ఫీజు కడుతోంది. ఇంకొకామె మొగుడు పనికి పోడు. దసరాకి మూడు నెలలు లేవు.

ఏదో ఒకటి చెయ్యాలి కదా. చేశాను. తప్పు పని చేశాను.

వంటశాలకి వెళ్లినప్పుడు నేను గమనించింది ఏంటంటే, పెద్దక్క అరకిలో సరిగ్గా తూచి సీసాలో పెట్టి, ఆ పైన ఒక గరిటె కొసరు వేసేది. ప్రతి సీసాకీ. అడిగితే "కొసరెయ్యకుండా ఎట్టా ఇస్తామమ్మా" అంది. చేపలమ్మినా, కూరగాయలమ్మినా మన దగ్గర కొసరుంటుంది, నాకు తెలియంది కాదు. కానీ నాకు ఆ రోజు దొంగ దొరికినంత సంబరమైంది. వెంటనే ఆఫీసుకొచ్చి, ఇక మీదట కొసరు వెయ్యరాదు అని కాగితం మీద రాసి, స్టాంపు గుద్ది, వంటశాల గోడకి అంటించమని పంపాను.

మర్నాడు ఉదయం వంటశాల తలుపు తియ్యలేదు. పద్దెనిమిదిమందిలో ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. మేనేజరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నలభై ఆర్డర్లు ఆగిపోయినయ్యండీ మేడమ్, మీ స్టాంపు వల్ల" అన్నాడు. నిజమే.

రెండో రోజు మధ్యాహ్నం రిక్షా ఎక్కి కృష్ణలంకలో పెద్దక్క ఇంటికి వెళ్లాను. సన్నటి సందు, గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పీట మాత్రం నా వైపు కాలితో జరిపింది.

"అక్కా, తప్పైపోయింది" అన్నాను. 

"ఒక్క గరిటె ఆపితే ఎంత మిగులుద్దమ్మా నీకు?"

"నాలుగు రూపాయలుంటదేమో."

"నాలుగు రూపాయలకి నా పరువు తీశావా" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఎక్కడో పూణేలో ఉన్న పిల్ల మూత తీసి చూసుకుంటది. బొటాబొటీగా తూచి పంపితే ఈళ్లకి చెయ్యి రాలేదే అనుకోదా? నా చేత్తో అట్టా పంపలేను. నీ కాగితం నువ్వు ఉంచుకో, ఇంకో మనిషిని చూసుకో."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరికీ చెప్పొద్దన్న మాట ఆ గుమ్మంలో చెప్పేశాను. ఉత్తరం సంగతి, తేదీ ఖాళీ సంగతి, దసరా సంగతి. ఆవిడ చేట పక్కన పెట్టింది. 

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా" అంది. "స్టాంపులేసి పంపేది మాకా? సరే, డబ్బు ఎక్కడ పోతంది?"

"అదే తెలీట్లేదక్కా. అందరి లెక్కా బాగుంది."

"నువ్వు తూచావా?"

"ఏం తూచాను? పచ్చడి నువ్వు తూస్తావుగా."

పెద్దక్క నన్ను జాలిగా చూసింది. "మేం బందరు నుంచి చేపలు పంపేటప్పుడు లారీవాడు చేపల్ని ఒక్కటే తూచేవాడు కాదమ్మా. బుట్ట, ఐసు, పైన తడి గోనెపట్టా, అన్నీ కలిపి తూచి కిరాయి అడిగేవాడు. మా అమ్మ అందుకే బుట్ట కట్టాక తనే ఎత్తి చూసేది, బరువుందా అని. మీ కొరియరువాడు మాత్రం పచ్చడొక్కటే తూస్తాడా? నేను పచ్చడి తూస్తా. ఆ మాస్టారు పగిలినయ్యి లెక్కపెడతాడు. కుర్రాడు ఆర్డర్లు లెక్కపెడతాడు. కట్టిన డబ్బా ఎవుడు తూస్తున్నాడు?"

ఎవరూ తూయడం లేదు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ తూయలేదు. కొరియరువాడు తూస్తున్నాడు, బిల్లు వేస్తున్నాడు, నేను టీ ఖర్చు పక్కన రాస్తున్నాను. 

అక్కణ్నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి బిల్లుల కట్ట విప్పాను. మొత్తం ఎంతో చూసి మూసేసేదాన్ని, ఈసారి ఒక్కో పార్సిలూ చదివాను. మేం ధర కట్టింది పార్సిలు కిలో లోపు ఉంటుందని. కిలోకి అరవై రూపాయలు. కిలో దాటితే, ఒక్క గ్రాము దాటినా సరే, ఇంకో అరకిలో కింద పాతిక రూపాయలు అదనం. పేజీ నిండా ఎనభై అయిదు, ఎనభై అయిదు, ఎనభై అయిదు. పార్సిలుకి పదహారు మిగలాలని ఓనరు గారు ధర కట్టుకుంటే, తొమ్మిది రూపాయలు ఎదురు పోతోంది. మేనేజరు ఆర్డర్లు పెంచినకొద్దీ మేం అంత హుషారుగా మునుగుతున్నాం. చప్పట్లు కూడా కొడుతున్నాం.

మర్నాడు పెద్దక్క అందర్నీ పనిలోకి తీసుకొచ్చింది. ఆ సోమవారం మీటింగు వంటశాలలో పెట్టమని ఓనరు గారిని అడిగాను. నా గొంతు విని ఎందుకని అడక్కుండా సరేనన్నారు. స్టాంపు కాగితం నేనే గోడ మీంచి చించేశాను, పద్దెనిమిదిమంది ముందూ. కొందరు మొహం తిప్పుకుని నవ్వారు, నవ్వనీ.

వంటశాలలో త్రాసు పెట్టే బల్లకి ఒక కాలు పొట్టి. నేల నాపరాళ్లు ఎగుడుదిగుడు. తూచేటప్పుడు ఎవరో ఒకరు ఆ మూల చేత్తో అదిమిపెట్టాలి, లేకపోతే ముల్లు ఊగిపోయేది. ఆ రోజు అదమడానికి మేనేజరుని నిలబెట్టి, మాస్టారు కట్టి ఉంచిన పార్సిలొకటి తెచ్చి త్రాసులో పెట్టాం. కిలో తొంభై గ్రాములు.

"తొంభై గ్రాములకి పాతిక రూపాయలు కడుతున్నామండీ" అన్నాను. బిల్లులు తీసి ఓనరు గారి చేతికిచ్చాను. 

ఆయన చదివి, ఎవర్నీ ఏమీ అనకుండా, పార్సిలు విప్పమన్నారు. పచ్చడి అరకిలో, కొసరు నలభై గ్రాములు, సీసా పావుకిలో, అట్టపెట్టె తొంభై. అందులో కుక్కిన పేపర్లు నూట నలభై. కందిపొడి ప్యాకెట్టు యాభై. మేనేజరు రంగుల్లో అచ్చేయించిన దళసరి కాగితం, అందులో అతని ఫోటో లేదు కానీ మిగతావన్నీ ఉన్నాయి, అది ఇరవై.

"కొసరు తీసేస్తే పోలా" అన్నాడు మేనేజరు. 

"నలభై తీస్తే ఇంకా యాభై ఎక్కువే కదయ్యా" అంది పెద్దక్క. "ముందు నీ బొమ్మల కాగితం తీ."

తీశాడు. కిలో డెబ్భై. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. "పేపరు తగ్గిస్తే సీసా పగులుద్దండీ. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో నా పార్సిలు పగిలిందని ఒకడనలేదు. నా వల్ల కాదు" అన్నారు. నాకు ఆయన బాధ తెలిసింది. పెద్దక్కకి కొసరెట్టాగో ఆయనకి పేపరట్టాగ.

ఓనరు గారు "మాస్టారూ, పగిలితే నేను మిమ్మల్ని అడగనండీ. ఒక్కసారి సగం పేపరుతో కట్టి చూడండి" అన్నారు. మాస్టారు గొణుక్కుంటూ కట్టారు. అరుగు మీంచి నాపరాళ్ల మీదకి వదిలారు. ఠప్పుమంది. అట్టపెట్టె అంచున నూనె ఎర్రగా ఊరింది. చెప్పానా అన్నట్టు నిలబడ్డారాయన. నా చెయ్యి తెలియకుండానే హ్యాండ్‌బ్యాగు మీదకి పోయింది, ఉత్తరం ఆ రోజు సొరుగులోంచి తీసి అందులో పెట్టుకొచ్చాను మరి.

పగిలిన పెట్టెను మాస్టారే విప్పి చూశారు. చాలాసేపు చూశారు. "పక్కలకి ఎందుకు కుక్కాం అసలు? దెబ్బ తగిలింది అడుగున, మెడ దగ్గర" అని తనలో తను అనుకుని, అదే సగం పేపరు తీసుకుని మడతలు వేసి అడుక్కి ఒక దిండు, మెడకి ఒక చుట్టు పెట్టి, పక్కలు వదిలేసి కట్టారు. అరుగు మీంచి వదిలారు. చప్పుడు రాలేదు. మళ్లీ వదిలారు. మూడోసారి నిచ్చెన ఎక్కి అటకంత ఎత్తు నుంచి వదిలారు. విప్పితే సీసా నవనవలాడుతూ ఉంది. మాస్టారు దాన్ని ఎత్తి అందరికీ చూపించారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసు అంతా ఆ చేతిలో ఉంది.

త్రాసులో పెడితే సరిగ్గా కిలో. ముల్లు ఇటూ అటూ ఊగుతోంది, ఒక్క గ్రాము అటైతే పాతిక పోయినట్టే. మేనేజరు చేత్తో అదుముతున్నాడు, ఇక మిగిలింది అతని కందిపొడే.

"పొడి తీసేస్తే ఆర్డర్లు పడిపోతాయండీ" అన్నాడు, నీరసంగా.

"తియ్యొద్దు నాయనా" అంది పెద్దక్క. "ఒక్క సీసా కొన్నవాళ్లకి ఎందుకియ్యటం? రెండు కొన్నవాళ్లకియ్యి."

అతను బల్ల వదిలేసి రెండు సీసాలు, పొడి ప్యాకెట్టు పెద్ద పెట్టెలో పెట్టించి తూయించాడు. ఊగే త్రాసు మీద కూడా రెండు కిలోలకి బాగా లోపే వచ్చింది. అప్పుడు నేను గోడ మీద బొగ్గుతో లెక్క చేశాను. పొడి ప్యాకెట్టు ధర పోను కూడా, ఒక్కొక్కటిగా రెండు పార్సిళ్లు పంపిన దానికంటే ఇలా పంపితే ఎక్కువ మిగులుతుంది. ఒక్క సీసా పెట్టెలోంచి పొడి తీసి చూస్తే, కొసరుతో సహా, తొమ్మిది వందల యాభై. 

కొసరుతో సహా. పెద్దక్క నా వంక చూసింది, నేను తలొంచుకున్నాను.

ఆ రోజు నుంచి సోమవారం మీటింగు వంటశాలలోనే. గోడకి ఒక పలక తగిలించాం. ఆర్డర్లెన్ని, పగిలినవెన్ని అని ఎవరి లెక్క వాళ్లు చెప్పుకోవచ్చు, కాదనలేదు. కానీ పలక మీద రాసేది ఒక్కటే, పార్సిలుకి మనకెంత మిగిలింది అని. మొదటి వారం రెండు రూపాయలు ఎదురు, పాత స్టాకు పెట్టెలుండిపోయాయి కాబట్టి. రెండో వారం తొమ్మిది మిగులు. మేనేజరు రోజూ వచ్చి పలక చూసిపోయేవాడు. రెండు సీసాల ఆర్డర్లు తెప్పిస్తే అంకె కదులుతుందని కనిపెట్టాక ఇక అతనికి నిద్ర లేదు. మాస్టారు కొత్త పెట్టె నమూనా గీసుకొచ్చారు, ఇంకో ఇరవై గ్రాములు తగ్గేలా. కట్టిన ప్రతి డబ్బానీ బయటికి పోయే ముందు పెద్దక్క ఒకసారి ఎత్తి చూసేది, వాళ్లమ్మలాగే.

దసరాకి ముందు సోమవారం. ఓనరు గారు పలకకి వీపు పెట్టి నిలబడి, "చెప్పండి, ఈ వారం ఎంత?" అని అడిగారు. మేనేజరు, మాస్టారు, నేను నోరు తెరిచేలోపు పెద్దక్క చెప్పేసింది. "పదహారండీ." ఆ వెనకే మేం ముగ్గురం అదే అంకె చెప్పాం. ఏడాది కావస్తున్న ఆ కొట్టులో నలుగురు ఒకే లెక్క చెప్పడం అదే మొదలు. పద్దెనిమిదిమందీ పని ఆపి చూస్తున్నారు. ఓనరు గారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడుచుకున్నారు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఆగాను.

"ఆ కాగితం ఎక్కడుందండీ మేడమ్ గారూ?" అన్నారు.

హ్యాండ్‌బ్యాగులోంచి తీసిచ్చాను. ఆయన చింపబోయారు. మాస్టారు "ఆగండాగండి, మంచి దళసరి కాగితం" అని చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, వంగి త్రాసు బల్ల పొట్టి కాలు కింద దూర్చారు. మేనేజరు అలవాటు కొద్దీ మూల అదమబోయి చెయ్యి తీసేశాడు. బల్ల కదల్లేదు.

ఆ తర్వాత వంటశాలలో పద్దెనిమిదిమంది నలభైమంది అయ్యారు. ఓనరు గారు అమ్మిన అరెకరం మళ్లీ కొన్నారు. నేను రిటైరయిన రోజున అందరూ దండలవీ వేశాక, ఒక్కదాన్నే వెళ్లి ఆ బల్ల దగ్గర వంగి చూశాను. కాగితం కారానికీ నూనెకీ ఎర్రగా నల్లగా అయిపోయింది. మడత బయటికి ఒక మూల కొంచెం వచ్చి ఉంది. తేదీ అని నేను టైపు చేసిన మాట అక్కడ ఇంకా కనిపిస్తోంది. దాని పక్కన ఖాళీ ఖాళీగానే ఉంది.